లేబుల్ మీద లేని చిరునామాలు: అయిదు సోల్ స్టూడియోల సమీక్ష

నా దగ్గర బుకర్ టీ బృందం వాయించిన 'గ్రీన్ ఆనియన్స్' వాద్యగీతం ఉన్న 45 ఆర్‌పీఎం రికార్డులు (వైపుకొక పాట ఉండే సింగిళ్లు) రెండున్నాయి. మొదటిది 1962లో స్టాక్స్ కంపెనీకే చెందిన వోల్ట్ లేబుల్ మీద 102వ నంబరుతో వచ్చిన ముద్రణ. అందులో ఈ గీతం రెండో వైపున ఉంటుంది. మొదటి వైపు గౌరవం 'బిహేవ్ యువర్‌సెల్ఫ్' అనే మరో దానికి దక్కింది. మెంఫిస్ రేడియోలో రెండో వైపుకే ఆదరణ రావడంతో కంపెనీవారు కొద్ది కాలానికే వరుస తిరగేసి, స్టాక్స్ లేబుల్ మీద 127వ నంబరుగా మళ్లీ విడుదల చేశారు. రెండు ప్లేట్లలో ఉన్నదీ ఒకే రికార్డింగు అయినప్పటికీ, ఒకటి ఉంచుకుని మరొకటి అమ్మేయాలన్న ఆలోచన నాకు ఎన్నడూ రాలేదు. సేకరణ పిచ్చి ఉన్నవారికి ఇందుకు కారణం చెప్పనక్కరలేదు, లేనివారికి చెప్పినా ప్రయోజనం లేదు. ఈ రెండు లేబుళ్ల మీదా కంపెనీ పేరు, నంబరు, రచయితల పేర్లు, నిడివి అన్నీ ఉన్నాయి. ఆ ధ్వని ఏ గదిలో పుట్టిందో మాత్రం ఎక్కడా లేదు.

చర్చి పాటల ఛాయలున్న అమెరికా నల్లజాతి సంగీతమైన సోల్ రికార్డులు సేకరించేవారికి ఇది చిన్న లోపం కాదు, ఎందుకంటే ఈ సంగీతంలో లేబుల్‌ను నమ్ముకుని చిరునామా వెతికితే తరచుగా తప్పు ఊరికి చేరతాం. విల్సన్ పికెట్ 1965లో పాడిన 'ఇన్ ద మిడ్‌నైట్ అవర్' న్యూయార్క్ కంపెనీ అయిన అట్లాంటిక్ పేరుతో వచ్చింది గానీ, రికార్డయింది మెంఫిస్‌లోని స్టాక్స్ స్టూడియోలో. స్టేపుల్ సింగర్స్ 1971లో చేసిన 'రెస్పెక్ట్ యువర్‌సెల్ఫ్' మీద స్టాక్స్ పేరుంది గానీ, దాని వాద్య భాగం అలబామాలో తయారైంది. పెర్సీ స్లెడ్జ్ 1966లో పాడిన 'వెన్ ఎ మ్యాన్ లవ్స్ ఎ వుమన్' పాటను చాలామంది అలబామాలోని మజిల్ షోల్స్‌లో ఉన్న ఫేమ్ స్టూడియో ఖాతాలో వేస్తారు. నిజానికి అది పక్కనే ఉన్న షెఫీల్డ్‌లో క్విన్ ఐవీ నడిపిన చిన్న స్టూడియోలో రికార్డయింది. డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్ 1969 నాటి ఆల్బమ్ పేరులోనే మెంఫిస్ ఉంది, కానీ అందులో మనం వినే ఆమె గొంతు న్యూయార్క్‌లో రికార్డు చేసినది.

లేబుల్ చెప్పని ఆ సమాచారాన్ని నా చెవులతో నేనే తెలుసుకోవాలనిపించి, ఒక వారం సెలవు పెట్టుకుని డెట్రాయిట్‌లో ఒకటి, మెంఫిస్‌లో రెండు, అలబామాలోని మజిల్ షోల్స్ ప్రాంతంలో రెండు, మొత్తం అయిదు స్టూడియోలు చూశాను. వీటిని కొలవడానికి నేను వాడిన కొలబద్ద ఒక్కటే: ఇంట్లో ముల్లు కింద వందసార్లు విన్న ప్లేటులో, ఆ గదిలో అడుగు పెట్టాక, అంతకు ముందు వినిపించనిదేదైనా వినిపించిందా? అద్దాల పెట్టెల్లోని కోట్లకూ బూట్లకూ నా సమీక్షలో రెండో స్థానమే. యాత్ర డెట్రాయిట్‌లో మొదలైనప్పటికీ, సమీక్షను మాత్రం మెంఫిస్‌తో మొదలుపెడుతున్నాను.

మెంఫిస్‌లో 926 ఈస్ట్ మెక్‌లెమోర్ అవెన్యూ వద్ద ఇప్పుడున్నది స్టాక్స్ సోల్ సంగీత మ్యూజియం. జిమ్ స్టీవర్ట్ 1957లో శాటిలైట్ పేరుతో ప్రారంభించిన కంపెనీ, ఆయన అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ భాగస్వామి అయిన తర్వాత, 1960లో ఇక్కడి క్యాపిటల్ థియేటర్ అనే పాత సినిమా హాలులోకి మారింది. మరుసటి ఏడాది ఇద్దరి ఇంటిపేర్లలోని మొదటి అక్షరాలు కలిసి స్టాక్స్ అయింది. హాలులో కుర్చీలు తీసేశారు గానీ, తెర వైపు దిగే నేల వాలును అలాగే వదిలేశారు. నేలా పైకప్పూ సమాంతరంగా లేని పెద్ద గదిలో ధ్వని రెండు తలాల మధ్య బంతిలా అటూ ఇటూ కొట్టుకోదు. చెదిరి, విస్తరించి, ఒక నిండుదనంతో మైకుకు చేరుతుంది. స్టాక్స్ గాయకుడు ఓటిస్ రెడింగ్ పాటల్లో బాకాలు గొంతు వెనుక గోడలా కాక గొంతు పక్కన మనుషుల్లా నిలబడి ఉన్నట్టు వినిపించడానికి ఈ వాలు కూడా ఒక కారణమని సేకర్తలు చాలా కాలంగా చెప్పుకుంటూ ఉంటారు.

అయితే ఒక నిజాన్ని ముందే చెప్పాలి. 1975 చివరలో దివాలా తీసి మూతపడిన ఈ కంపెనీ భవనాన్ని 1989లో కూల్చేశారు. 2003లో అదే స్థలంలో, అదే ముఖద్వారంతో, పాత స్టూడియోకు ప్రతిరూపంగా ఈ మ్యూజియం కట్టారు. అంటే మనం నిలబడే నేల వాలుగా ఉన్నా, ఆ వాలు 1960 నాటిది కాదు. ప్లేట్లలో మొదటి ముద్రణకూ పునర్ముద్రణకూ మధ్య ప్రాణం పెట్టి తేడా వెతికే నాలాంటివాడు ఈ సంగతి తెలిసి కూడా ఇక్కడికి రావాలా అని వెళ్లే ముందు సందేహించాను. వెళ్లాక నా అభిప్రాయం కొంత మారింది. ధ్వని విషయంలో ఈ గది నాకేమీ నేర్పలేదు. చప్పట్లు కొడితే వినిపించేది సందర్శకుల కోసం కట్టిన గది మోతే. కానీ దూరాలు నేర్పింది. డ్రమ్ములు ఎక్కడ, ఆర్గన్ ఎక్కడ, గాయకుడు ఎక్కడ, ఎవరి నుంచి ఎవరు ఎన్ని అడుగుల దూరంలో నిలబడి ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోగలిగేవారు అన్నది ఫొటోల్లో అర్థం కాదు, ఆ వాలు మీద నడిస్తే అర్థమవుతుంది. తొలి సంవత్సరాల్లో ఇక్కడ అందరూ ఒకేసారి వాయిస్తూ ఒకే ట్రాకు మీద రికార్డు చేసేవారు, తర్వాత దిద్దుకునే వీలుండేది కాదు. 1965 జులైలో ఓటిస్ రెడింగ్ 'ఓటిస్ బ్లూ' ఆల్బమ్‌లో అధిక భాగాన్ని దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ వ్యవధిలో ఎలా ముగించగలిగారో ఆ దూరాలు చూస్తే నమ్మకం కలుగుతుంది. పక్కవాడు తల ఊపితే చాలు, తెలిసిపోయేంత దగ్గర అది.

సేకర్తకు ఈ మ్యూజియంలో అసలు విందు మరోచోట ఉంది. కంపెనీ విడుదల చేసిన సింగిళ్లూ ఆల్బములూ గోడల నిండా వరుసగా అమర్చిన గదిలో నేను అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ సేపు గడిపాను. 1968 ముందు నాటి లేత నీలం లేబుళ్లు, ఆ తర్వాత చిటిక వేస్తున్న చేతి బొమ్మతో వచ్చిన పసుపు లేబుళ్లు, ఈ రెంటి మధ్య ఉన్న గీత మామూలు అలంకరణ మార్పు కాదు. 1967 డిసెంబరు 10న ఓటిస్ రెడింగ్, ఆయన వెంట వాయించే బార్-కేస్ బృందంలోని పలువురు యువకులు విస్కాన్సిన్‌లోని మొనోనా సరస్సులో విమానం కూలి మరణించారు. ఆ దుఃఖం ఆరకముందే, పంపిణీ ఒప్పందంలోని ఒక నిబంధన ప్రకారం అప్పటిదాకా అట్లాంటిక్ ద్వారా పంపిణీ అయిన తమ మాస్టర్ టేపులు, అంటే అసలు రికార్డింగులు, తమవి కావనీ, అట్లాంటిక్‌కే చెందుతాయనీ స్టాక్స్ యజమానులు తెలుసుకున్నారు. కంపెనీ ఉన్నదంతా పోగొట్టుకుని మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టిన చోట రంగు మారింది. ఈ సంగతి నాకు చదివి తెలుసు, కానీ నీలం వరుస ఆగి పసుపు వరుస మొదలయ్యే చోట నిలబడినప్పుడు నా అల్మరాలోని ప్లేట్లను రంగు ప్రకారం కాక నంబరు ప్రకారం పేర్చుకుంటూ వచ్చినందుకు కొంచెం సిగ్గుపడ్డాను.

సినిమా హాలులో మిఠాయిలు అమ్మే చోటును ఎస్టెల్ ఆక్స్‌టన్ రికార్డుల దుకాణంగా మార్చి, లోపల అప్పుడే చేసిన పాటను బయట కొనుగోలుదారులకు వినిపించి, వారి కాళ్లు కదులుతున్నాయో లేదో గమనించేవారన్న విషయం కూడా ఇక్కడ చక్కగా చూపించారు. స్టాక్స్ గాయకుడు ఐజాక్ హేస్ గారి బంగారు పూత కాడిలాక్ కారు దగ్గర ఫొటోల రద్దీ ఎక్కువ. నేను తీసుకోలేదు. మిసిసిపి పల్లె నుంచి విడదీసి తెచ్చి లోపల తిరిగి నిలబెట్టిన చిన్న చర్చి మాత్రం ఆగి చూడదగ్గది, ఎందుకంటే ఈ గాయకుల్లో చాలామంది మొదట గొంతెత్తింది అలాంటి చెక్క గోడల మధ్యనే.

అక్కడి నుంచి కొద్ది దూరంలోనే రాయల్ స్టూడియో ఉంది, ఈ యాత్రలో నాకు అన్నిటికన్నా ఎక్కువ ఇచ్చిన చోటు ఇదే. ఇది కూడా పాత సినిమా హాలే, 1957 నుంచి హై రికార్డ్స్ కంపెనీకి స్టూడియోగా పనిచేసింది. ఇక్కడి నేల వాలు ప్రతిరూపం కాదు, అసలుది. సంగీత దర్శకుడూ నిర్మాతా అయిన విల్లీ మిచెల్ 2010లో మరణించినా, ఆయన కుటుంబమే దీన్ని నేటికీ నడుపుతోంది, వీధికి కూడా ఆయన పేరే పెట్టారు. ఇది మ్యూజియం కాదు, పని జరుగుతున్న స్టూడియో. కాబట్టి రికార్డింగు లేని సమయం చూసి ముందుగా అనుమతి అడగాలి, ఇచ్చినంత సేపే ఉండాలి. తాళ్లు కట్టి దారి చూపించే ఏర్పాటూ, గోడల మీద వివరణ పలకలూ కావాలనుకునేవారికి ఇది నిరాశ కలిగించవచ్చు. నాకు మాత్రం ఆ లోటు కనిపించలేదు.

ఎందుకో చెప్పాలంటే ఒక డ్రమ్మరు గురించి చెప్పాలి. ఆల్ జాక్సన్ జూనియర్ స్టాక్స్‌లో బుకర్ టీ బృందపు డ్రమ్మరు. 'గ్రీన్ ఆనియన్స్'లో వాయించింది ఆయనే. 1971 చివరలో విడుదలైన, గాయకుడు ఆల్ గ్రీన్ పాడిన 'లెట్స్ స్టే టుగెదర్' రచనలో భాగస్వామి కూడా ఆయనే, అందులో డ్రమ్ములు వాయించిందీ ఆయనే, కానీ అది రాయల్‌లో. చేయి ఒకటే, ఊరు ఒకటే, గదులు రెండూ వాలు నేల సినిమా హాళ్లే. అయినా మొదటి ప్లేటులో డ్రమ్ము దెబ్బ హాలు చివరిదాకా వెళ్లి వచ్చినట్టు ఉంటుంది. రెండో దానిలో దెబ్బ పడ్డ చోటే, దిండు మీద పడ్డట్టు, మెత్తగా ఆగిపోతుంది. ఇన్నేళ్లూ ఈ తేడా పదేళ్లలో మారిన యంత్రాల వల్ల వచ్చిందనుకున్నాను. రాయల్‌లో వాలు దిగువన నిలబడి మామూలు గొంతుతో రెండు మాటలు మాట్లాడగానే, మాట పెదవుల దగ్గరే ఆగిపోయినట్టు, అదే సమయంలో చాలా దగ్గరగా, వెచ్చగా వినిపించినట్టు అనిపించింది. ఆ గది ధ్వనిని తిరిగి విసరదు, దాచుకుంటుంది. గొంతు పెంచవద్దనీ, మెల్లగా పాడమనీ విల్లీ మిచెల్ ఆల్ గ్రీన్‌ను పట్టుబట్టి ఒప్పించిన కథ ప్రసిద్ధమే. ఆ సలహా గాయకుడి గొంతు చూసి ఇచ్చినదని అందరూ అంటారు. గది స్వభావం తెలిసిన మనిషి ఇచ్చినదని నేను ఇప్పుడు అనుకుంటున్నాను. అటువంటి గదిలో అరిచేవాడి గొంతుకు గోడలు సాయం రావు, గుసగుసలాడేవాడి ఊపిరి కూడా మైకుకు అందుతుంది. ఆ పాటలకు వాడిన మైకును వారు తొమ్మిదో నంబరు మైకు అంటారు, దాన్ని దగ్గరగా చూడటం నాకు ఈ ప్రయాణంలో దొరికిన అదృష్టాల్లో ఒకటి.

మెంఫిస్‌లో ఇంకో స్టూడియో కూడా నా జాబితాలో ఉండాల్సింది. థామస్ స్ట్రీట్‌లో చిప్స్ మోమన్ నడిపిన అమెరికన్ సౌండ్ స్టూడియో అది, కానీ ఆ భవనం ఎప్పుడో పోయింది. పోయిన చోటును చూడటానికి వెళ్లడంలో నాకు ఆసక్తి కలగలేదు. మరొకరికి కలగవచ్చు.

డెట్రాయిట్ సంగతి వేరు. 2648 వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్‌లోని మోటౌన్ మ్యూజియం బయటి నుంచి చూస్తే మామూలు రెండంతస్తుల ఇల్లు. బెరీ గోర్డీ 1959లో కుటుంబ సభ్యుల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని కంపెనీ పెట్టారు, అదే ఏడాది ఈ ఇల్లు కొని వెనుకనున్న ఫొటో స్టూడియోను రికార్డింగు గదిగా మార్చారు. 1972లో కంపెనీ లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయాక, ఆయన అక్క ఎస్తర్ గోర్డీ ఎడ్వర్డ్స్ దీన్ని కాపాడి 1985లో మ్యూజియంగా స్థాపించారు. ఇది ప్రతిరూపం కాదు, అదే గది. అయినప్పటికీ నా కొలబద్దకు ఇది రాయల్ తర్వాతి స్థానంలోనే నిలిచింది, దానికి కారణం గదిలో లేదు, పద్ధతిలో ఉంది. జేమ్స్ జేమర్సన్ బేసు గిటారును ఇక్కడ గదిలో మోగించి మైకుతో పట్టుకోలేదు, తీగ ద్వారా నేరుగా మిక్సింగ్ బల్లకు పంపారు. మోటౌన్ పాటల్లో మనల్ని మొదట పట్టుకునే ఆ బేసులో ఈ గది గాలి అసలు లేదన్నమాట. ఈ ఇంట్లో నిజంగా వినదగ్గ గది అటక. గొంతుకూ వాద్యాలకూ కావలసిన ప్రతిధ్వనిని ఆ అటకలో పుట్టించేవారు. దాని కిందనున్న కప్పు రంధ్రం దగ్గర నిలబెట్టి సందర్శకుల చేత చప్పట్లు కొట్టిస్తారు, ఆ ఒక్క చప్పట్లో సుప్రీమ్స్ పాటలన్నిటి మెరుపూ ఉంది. 'పాముల గుంట' అని వాద్యకారులు పిలుచుకున్న స్టూడియో గది ఎంత ఇరుకో చూశాక, మోటౌన్ పాటలకు వాయించిన ఫంక్ బ్రదర్స్ బృందం పేర్లు లేబుళ్ల మీద ఎందుకు లేవన్న పాత కోపం మరింత పెరిగింది. 1971లో మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆల్బమ్ అట్ట మీదనే వారికి మొదటిసారి పేరు దక్కింది.

ఇటువంటి యాత్రలో రికార్డులు కొనకుండా ఉండటం అసాధ్యం, అందులో నేను ఒక దెబ్బ కూడా తిన్నాను. ప్రయాణంలో ఒక ఊరి దుకాణంలో నీలం స్టాక్స్ లేబుల్ సింగిల్ ఒకటి మొదటి ముద్రణ ధరకే కొన్నాను. హోటల్ గదిలో దీపం కింద పెట్టి, పాట ముగిశాక లేబుల్ చుట్టూ ఖాళీగా మిగిలే వలయంలోని అంకెలు చూస్తే అది ఎన్నో ఏళ్ల తర్వాతి ముద్రణ అని తేలింది. లేబుల్ కాగితాన్ని ఎవరైనా అచ్చుగా దించగలరు. ఆ వలయంలోని గీతలను దించడం అంత సులువు కాదు. ఇన్నేళ్ల అనుభవం ఉండి కూడా దుకాణంలోనే ఆ వలయం చూడకపోవడం నా తప్పే. చెప్పదగ్గ మరో జాగ్రత్త ఏమిటంటే, ఆ కాలపు సింగిళ్లలో కొన్నిటిని వినైల్‌తో కాక స్టైరీన్ అనే పెళుసు ప్లాస్టిక్‌తో అచ్చువేశారు. అవి పైకి అద్దంలా మెరుస్తున్నా, అరిగిన ముల్లుతో పదిమంది వాయించి ఉంటే గాడి లోపల అంతా బుసే. వినకుండా కొనవద్దు. అలాగే ఈ అయిదింటిలో ఒక చోట పెద్ద గుంపుతో కలిపి తిప్పి, అసలు గదిలో పది నిమిషాలు కూడా నిలవనివ్వలేదు. సందర్శకులు పలచగా ఉండే పనిదినపు ఉదయాన్ని ఎంచుకుని, టికెట్టు ముందుగానే తీసుకోవడం అన్నిచోట్లా మంచిది.

మెంఫిస్ నుంచి మజిల్ షోల్స్ కారులో సుమారు 240 కిలోమీటర్లు. అక్కడ షెఫీల్డ్‌లోని 3614 జాక్సన్ హైవే గురించి క్లుప్తంగా చెబుతాను. బ్యారీ బెకెట్, రోజర్ హాకిన్స్, జిమ్మీ జాన్సన్, డేవిడ్ హుడ్ అనే నలుగురు వాద్యకారులు ఫేమ్ నుంచి విడిపోయి 1969లో ఇక్కడ మజిల్ షోల్స్ సౌండ్ పేరుతో సొంత స్టూడియో పెట్టుకున్నారు. అంతకు ముందు ఇక్కడ శవపేటికల వ్యాపారం జరిగేదట, ఎదురుగా శ్మశానం కూడా ఉంది. రోలింగ్ స్టోన్స్ 1969 డిసెంబరులో మూడు రోజులు ఇక్కడ రికార్డు చేశారు కనుక వచ్చేవారిలో సగం మంది వారి కోసమే వస్తారు. 2017లో పునరుద్ధరించి తెరిచిన ఈ చిన్న భవనాన్ని పాతకాలపు రూపంలోకి చాలా శ్రద్ధగా తీసుకువచ్చారు. ఎంత శ్రద్ధగా అంటే, ఏది అప్పటిదో ఏది ఇప్పుడు తెచ్చి పెట్టిందో అడిగితే తప్ప తెలియదు. స్టేపుల్ సింగర్స్ 'ఐ విల్ టేక్ యూ దేర్' పసుపు లేబుల్ ప్లేటు ఉన్నవారు తప్పక రావాలి: అందులోని బేసు డేవిడ్ హుడ్‌ది, మావిస్ స్టేపుల్స్ పాట మధ్యలో అతన్ని పేరు పెట్టి పిలవడం అందరికీ గుర్తుండే ఉంటుంది. తక్కినవారు గంటలో ముగించవచ్చు.

ఫేమ్‌లో మాత్రం తీరిక ఉంచుకోవాలి. ఫేమ్ యజమాని రిక్ హాల్ ఈ భవనాన్ని ఆర్థర్ అలెగ్జాండర్ పాడిన 'యూ బెటర్ మూవ్ ఆన్' తెచ్చిన డబ్బుతో కట్టారు. 1961 నాటి ఆ పాట మాత్రం ఈ గోడల మధ్య పుట్టలేదు, అంతకు ముందు వాడిన పాత గిడ్డంగిలో పుట్టింది. రిక్ హాల్ 2018 జనవరిలో మరణించారు, స్టూడియోలో పని ఇప్పటికీ సాగుతోంది. కాబట్టి ఇక్కడా రికార్డింగు లేని వేళలోనే లోపలికి ప్రవేశం. విల్సన్ పికెట్ 'మస్టాంగ్ సాలీ', ఎట్టా జేమ్స్ 'టెల్ మామా' పుట్టిన గది ఇదే. కానీ నేను వచ్చింది ఒకే ఒక్క రోజు కోసం. 1967 జనవరి 24న గాయని అరీతా ఫ్రాంక్లిన్ ఇక్కడికి వచ్చి, అట్లాంటిక్ కోసం తన మొదటి పాట 'ఐ నెవర్ లవ్డ్ ఎ మ్యాన్' పూర్తి చేశారు. మొదట వినిపించే ఎలక్ట్రిక్ పియానో స్పూనర్ ఓల్డమ్‌ది. రెండో పాట 'డూ రైట్ వుమన్' వాద్య భాగం సిద్ధమయ్యేసరికి గొడవ జరిగింది, ఆ మరునాడు ఆమె అక్కడ లేరు. దాన్ని తర్వాత న్యూయార్క్‌లో ఆమె గొంతు, ఆమె పియానో, అక్కచెల్లెళ్ల వంతపాట చేర్చి పూర్తి చేశారు. ఈ రెండు పాటలే అట్లాంటిక్ 2386 నంబరు సింగిల్‌కు రెండు వైపులు.

గదిలో నాకు కొత్తగా తెలిసింది దాని పరిమాణం. డ్రమ్ముల నుంచి పియానోకు ఉన్న దూరం నేను ఊహించుకున్నదానిలో సగం కూడా లేదు. అంత దగ్గరగా కూర్చుంటే ఒకరి వాయిద్యం మరొకరి మైకులోకి కారక తప్పదు. గొంతు చుట్టూ డ్రమ్ముల నీడ, డ్రమ్ముల చుట్టూ గొంతు నీడ పడి తీరుతాయి. ఇంటికి వచ్చిన రాత్రి ఆ ప్లేటు తీసి మొదటి వైపు వేశాను. ఆమె గట్టిగా పాడిన ప్రతిచోటా గది కూడా ఆమెతో పాటు ఊపిరి తీసుకుంటున్నట్టు వినిపించింది. తిప్పి రెండో వైపు వేశాను. డ్రమ్ములు ఇంకా ఆ గదిలోనే ఉన్నాయి, గొంతు చుట్టూ మాత్రం వాటి నీడ లేదు. ఆమె మరో ఊళ్లో నిలబడి పాడుతున్నారు. ఆ ప్లేటు నా దగ్గర ఇరవై ఏళ్లుగా ఉంది.